చుక్కల కింది మాటలు

సుభాషిణి డాక్ మళ్ళీ విప్పిందని ఇంట్లో అందరికీ వాసనను బట్టే తెలిసిపోయేది. టంకం కరిగిన పొగ వంటింట్లోకి వచ్చి పోపు వాసనలో కలిసేది. అత్తగారు మంగాయమ్మ గుమ్మంలోంచి తొంగి చూసి, "ఈపూట మాడింది కూరా, నీ పెట్టా?" అని అడిగేది.

సుభాషిణి కాకినాడలో ఒక మహిళా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతుంది. చీరలమీద మోజు లేదు, సీరియళ్ళ జోలికి పోదు. ఆమెకున్న పిచ్చి ఒక్కటే, డాక్. ఫోనులో అంకెల రూపంలో ఉండే పాటను మళ్ళీ శబ్దంగా మార్చే పెట్టె అది. బజారులో దొరికేవి ఆమె చెవికి ఆనవు. అందుకని ఖాళీ బోర్డు తెప్పించుకుని, ఒక్కొక్క భాగమూ తనే అతికించి, పాట పెట్టుకుని విని, మొహం చిట్లించి, ఊడదీసి, ఇంకోటి అతికించేది.

"అసలు అంకెల్లో పాటెలా ఉంటదే?" అని మంగాయమ్మ ఒకసారి అడిగింది.

"పాట ఉండదు అత్తయ్యా. చుక్కలుంటాయి, అంతే. మీరు ముగ్గుకి పెడతారే, అలాంటివి. వాటిని కలిపి ముగ్గు వేసేది ఈ పెట్టె."

"మరి నీ ముగ్గెప్పుడూ వంకరేనా? వారానికోసారి చెరిపేసి మళ్ళీ మొదలెడతావు."

సుభాషిణి నవ్వింది గానీ ఆ మాట మనసులో నాటుకుంది. ముగ్గు వంకరే. చుక్కలను అందుకునే చెయ్యి ఎక్కడో వణుకుతోంది.

భర్త వీర్రాజుకు ఈ గొడవలేవీ పట్టవు. అతడిది మైక్ సెట్ల వ్యాపారం. పెళ్ళిళ్ళకూ జాతరలకూ స్పీకర్లు కట్టి, మోత మోగించి, రెండు రోజులు చెవులు గింగురుమంటుంటే తృప్తిగా నిద్రపోయే మనిషి. "శబ్దమంటే పక్కూరోడు లేచి కూచోవాలే. నువ్వేంటి, చీమ నడుత్తుంటే వింటన్నట్టు వింటావు!" అనేవాడు. అంటూనే ఆమె ఏ పాట వినిపించినా "అద్భుతం" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం ఆమె అతణ్ణి అన్నిటికీ క్షమించేది.

డాక్‌లో మొదట సన్నని గుయ్యిమనే హోరుండేది. కరెంటు శుభ్రంగా లేకపోతే అంతేనని సుభాషిణి అడాప్టరు పీకేసి, వీర్రాజు సామాన్లలోంచి ఒక పెద్ద బ్యాటరీ తెచ్చి తగిలించింది. హోరు మాయమైంది. ఆ సాయంత్రమే సామర్లకోటలో ఒక పెళ్ళిలో కరెంటు పోయింది. జీలకర్ర బెల్లం సమయానికి వీర్రాజు బ్యాటరీ కోసం పెట్టె తెరిస్తే అందులో ఒక పాత దుప్పటి ఉంది. సన్నాయి విద్వాంసుడు మైకు లేకుండానే ఊదాడు. పెళ్ళికూతురి మేనమామ ఆ మాత్రం శబ్దమే హాయిగా ఉందని మెచ్చుకోవడం వీర్రాజుకు మరింత అవమానమైంది.

"నా బ్యాటరీ, నా పరువు, రెండూ నీ డబ్బాలోకే పోయాయి," అన్నాడు ఇంటికొచ్చి.

"ఒకసారి వినండి ముందు."

విన్నాడు. "అద్భుతం," అన్నాడు.

హోరు పోయాక వణుకు మిగిలింది. డాక్‌లో ఒక చిన్న స్ఫటికం ఉంటుంది. అది కొట్టే తాళానికే చుక్కలన్నీ నడవాలి. ఆ తాళం ఎంత నిలకడగా ఉంటే ముగ్గు అంత చక్కగా వస్తుంది. సుభాషిణి రకరకాల స్ఫటికాలు మార్చి చూసింది. చివరికి జగన్నాథపురం వంతెన అవతల పాత ఇనుప సామాన్ల దుకాణంలో ఆమెకొక తుప్పుపట్టిన యంత్రం దొరికింది. వేట పడవల్లో వాడేది. సముద్రం అడుగుకు శబ్దం పంపి, తిరిగొచ్చే మారుమోతను బట్టి లోతెంతో, చేపలున్నాయో లేదో చెప్పేది. దాని మీద తయారుచేసినవారి పేరు లేదు. లోపల మాత్రం లేత నీలంరంగులో, చింతగింజంత స్ఫటికం ఒకటుంది. అలాంటిది ఆమె ఏ పుస్తకంలోనూ చూడలేదు. కొలిచి చూస్తే దాని తాళంలో కాలేజీలోని పరికరానికి అందేంత తేడా కూడా కనిపించలేదు.

ఆదివారం మధ్యాహ్నం దాన్ని డాక్‌లో అతికించింది. పరీక్షకు ఏదో ఒకటి కావాలి కదా అని, చేతికందిన పెన్‌డ్రైవ్‌లోంచి తమ గృహప్రవేశం వీడియో పెట్టింది. బల్లకు అటువైపు వీర్రాజు వైర్లు చుట్టుకుంటున్నాడు. మామగారు గంగరాజు పడక్కుర్చీలో పేపరు చదువుతున్నారు. గుమ్మంలో మంగాయమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది.

పురోహితుడి మంత్రం వచ్చింది. స్పష్టంగా, ఎదురుగా కూర్చుని చదువుతున్నట్టే ఉంది. దాని కింద, దూరంగా, గిన్నెల చప్పుడు. ఆ చప్పుడు కింద మాటలు. సుభాషిణి శబ్దం కొంచెం పెంచింది.

"పులిహోరా ఇది? పసుపు నీళ్ళలో కడిగిన అన్నంలా ఉంది. నా కోడలికి ఆ డబ్బా మీదున్న శ్రద్ధ చింతపండు మీద ఉంటేనా!"

మంగాయమ్మ గొంతు. గుమ్మంలో ఉన్న మంగాయమ్మ చేతిలో చిక్కుడుకాయ సగంలో ఆగిపోయింది.

సుభాషిణి తల తిప్పేలోపే పెట్టెలోంచి ఈసారి తన గొంతే వినిపించింది. వడ్డించే అతనితో గుసగుసగా చెబుతోంది: "మావయ్యగారు పద్యం ఎత్తుకునేలోగా వడ్డించెయ్యండి బాబూ. ఎత్తుకున్నారంటే పప్పు గడ్డకట్టేస్తుంది."

గంగరాజు పేపరు కిందికి దిగింది. కళ్ళజోడు మీదుగా కోడలిని చూసి, మళ్ళీ పేపరు పైకెత్తుకున్నారు.

"అదేం చోద్యమే, ఇదంతా అందులో ఎక్కడుంది?" అని వీర్రాజు పగలబడి నవ్వుతుండగా అతడి వంతూ వచ్చింది. వాకిట్లో ఎవరో స్నేహితుడితో అంటున్నాడు: "మా ఆవిడ కొత్త డబ్బా చేసినప్పుడల్లా అద్భుతం అంటానండీ. పాతదానికీ దీనికీ ఈకముక్క తేడా తెలిత్తే ఒట్టు. ఆయ్, కాపరం చెయ్యాలి కదండీ!"

నవ్వు సగంలో తెగింది. వీర్రాజు చుట్టిన వైరును విప్పి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు.

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. సుభాషిణికి ఏడుపొచ్చింది. దాని వెనకాలే, ఆపుకోలేనంత సంతోషమూ వచ్చింది.

"అడుగు అంకెలు!" అంది కళ్ళు తుడుచుకుంటూ. "రికార్డింగులో అన్నిటికన్నా చిన్న అంకెలుంటాయి కదా, వాటిని అందరం ఉత్త రొదేనని వదిలేస్తాం. తాళం వణుకులో అవి కలిసిపోతాయి. ఇప్పుడు వణుకు లేదు. గోడవతల మాట్లాడింది కూడా ఆ అడుగున పడే ఉంది. ఎప్పుడూ ఉంది! ఇది తేలుస్తోంది!"

"తేల్చింది చాల్లే," అంది మంగాయమ్మ. చిక్కుడుకాయలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో మొదలైన గొడవ ఆ ఇంట్లో ఆగలేదు. సంగతి తెలిసి ఎదురింటి వెంకాయమ్మ తన కూతురి నిశ్చితార్థం వీడియో పట్టుకొచ్చింది. విని, పెన్‌డ్రైవ్ కూడా మర్చిపోయి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నుంచి ఆమె చెల్లెలితో మాటల్లేవు. కాలేజీలో చెబితే ప్రిన్సిపాల్ మేడమ్ "వండర్‌ఫుల్ అమ్మా, వండర్‌ఫుల్" అని భుజం తట్టి, ఆమె గది దాటగానే స్టాఫ్ మీటింగుల రికార్డింగులన్నీ చెరిపెయ్యమని ఆఫీసుకు కబురు చేసింది.

ఇంట్లో పరిస్థితి మరీ దారుణం. ఫోను కనబడితే చాలు, అందరూ నోరు మూసుకునేవారు. మంగాయమ్మ తన ఫోనును తువ్వాల్లో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టింది. దానికి ఫోను వస్తే బియ్యం మోగేవి. భోజనాల దగ్గర ఉప్పు కావాలంటే చేత్తో చల్లినట్టు చూపించడం, మజ్జిగకు చిలికినట్టు చూపించడం అలవాటైంది. వీర్రాజు ఒకరోజు కూర బాగుందని సైగ చెయ్యబోయి, అది బాగాలేదన్నట్టు కనిపించి, రెండు పూటలు పచ్చడితో తిన్నాడు. పులిహోర ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ చెయ్యలేదు. అన్నిటికన్నా సుభాషిణిని బాధపెట్టింది మామగారి మౌనం. రోజూ స్నానం చేస్తూ గొంతెత్తి పద్యం పాడే మనిషి, ఇప్పుడు చెంబు చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించకుండా స్నానం ముగించి వస్తున్నారు.

గంగరాజు ఒకప్పుడు పౌరాణిక నాటకాల్లో రాజు వేషాలు కట్టేవారు. పరిషత్తు పోటీల్లో ఆయన ఒకే పద్యానికి ముమ్మారు వన్స్ మోర్ అనిపించుకున్నారు. ముందు వరసలో ఎవరో క్యాసెట్‌లో పట్టిన ఆ పద్యం, ఆయన జీవితంలో మిగిలిన ఒకే ఒక్క రికార్డింగు. సుభాషిణి పెళ్ళైన కొత్తలో దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టింది. అందులో పద్యమూ హార్మోనియమూ వినిపిస్తాయి, పద్యం చివర జనం చేసే అలికిడి మబ్బుమబ్బుగా వినిపిస్తుంది. ఆ మబ్బును వేలితో చూపిస్తున్నట్టు గాల్లో పొడిచి, "అదిగో, వన్స్ మోర్!" అనేవారాయన. చుట్టాలు తలలూపేవారు.

ఇన్నేళ్ళకు ఊళ్ళో నాటక కళాకారుల సంఘం ఆయనకు సన్మానం తలపెట్టింది. కరపత్రాల్లో 'మూడు వన్స్ మోర్‌ల గంగరాజు గారు' అని పెద్దక్షరాల్లో వేశారు. ఆ కరపత్రం చేతికొచ్చిన రోజున మామగారు చాలాకాలం తర్వాత నోరు విప్పారు.

"సుభా, సభలో ఆ పద్యం వినిపించాలి. నీ పెట్టెలో పెట్టే వినిపించాలి. గోడవతల మాటలే పట్టుకున్నదానికి, జనం ఈలలు పట్టుకోవడం ఎంత పని? నా పద్యానికి పప్పు గడ్డకడుతుందో, జనం గడ్డకట్టుకుపోయారో ఊరంతా వింటారు."

సుభాషిణి తలొంచుకుంది. "అలాగే మావయ్యా. ముందొకసారి ఇంట్లో వినిచూద్దాం."

"ఎందుకండీ ఇప్పుడా పాతవన్నీ?" అంది మంగాయమ్మ చటుక్కున. "ఉన్నదేదో ఉంది. మామూలు పెట్టెలో పెట్టుకోండి."

"నీకేం తెలుసే? నువ్వెప్పుడన్నా నాటకం మొహం చూసేవా? పెళ్ళిచూపుల్లో నా మొహం చూడ్డానికే సిగ్గుపడి చచ్చేవు."

మంగాయమ్మ ఇంకేమీ అనలేదు. దానికే సుభాషిణికి ఆశ్చర్యం వేసింది. అత్తగారు అలా వాదన వదిలేసిన సందర్భం ఆమెకు గుర్తులేదు.

సభ ముందు ఆదివారం ఉదయం అందరూ ఆ చిన్న గదిలో కూర్చున్నారు. గంగరాజు ఉత్తరీయం వేసుకుని వచ్చారు. సుభాషిణి మీట నొక్కింది.

హార్మోనియం లేచింది. దాని వెనకే యువకుడైన గంగరాజు గొంతు గదినిండా నిలబడింది. ఆ గొంతులో అంత బలముందని సుభాషిణికి అప్పటిదాకా తెలియదు. పద్యం ముగింపులో రాగం సాగుతోంది, సాగుతోంది, ఇంకా సాగుతోంది. దాని కింద జనం మాటలు తేలాయి.

"ఊపిరి తీసుకోడేంట్రా బాబూ?"

"పడిపోతాడేమో, పక్కకి జరుగు."

"బస్సెళ్ళిపోద్దిరా, లే!"

గంగరాజు నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళల్లోంచి జారిపోయింది. రాగం ఆగింది. చప్పట్లు పడ్డాయి, అక్కడక్కడా. అప్పుడు ఎక్కడో వెనకనుంచి, సన్నగా, వాడిగా ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది: "వన్స్ మోర్!"

ఆ కేక పట్టుకుని మరో నలుగురైదుగురు అరిచారు. పద్యం మళ్ళీ మొదలైంది. మళ్ళీ రాగం, మళ్ళీ అదే గొంతు. ఈసారి కేకకు ముందు ఒక మగవాడి మాట కూడా పెట్టె పట్టుకుంది.

"అరవ్వే మంగా, గట్టిగా. ఎడంపక్కోళ్ళు ఇంకా సోడా తాగలేదు."

"వన్స్ మోర్!"

గంగరాజు చెయ్యెత్తారు. సుభాషిణి ఆపేసింది.

"అది మా మావగారి గొంతు," అన్నారాయన నెమ్మదిగా. మంగాయమ్మ తండ్రికి గోళీసోడాల వ్యాపారం ఉండేదని ఇంట్లో అందరికీ తెలుసు. పరిషత్తు మైదానంలోనూ బండి పెట్టేవాడని ఎవరికీ తెలియదు. "మంగా అన్నాడు. అంటే... నువ్వా?"

మంగాయమ్మ కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"నాటకం అయిపోతే జనం లేచిపోతారండీ. లేచిపోతే సోడాలు మిగిలిపోతాయి. పద్యం ఇంకోసారి పాడితే ఇంకాసేపు కూచుంటారు, దాహం వేస్తది. అందుకని మా నాన్న నన్ను అరవమనేవాడు. నా గొంతు వాడిగా ఉండేది."

"అందరికీ అరిచేదానివా?"

"అందరికీను. ఆడవేషం వాడికి కూడా అరిచేదాన్ని. పెళ్ళయ్యాక చెబుదామనుకున్నాను. మీరు వచ్చిన వాళ్ళందరికీ ఆ వన్స్ మోర్‌లు చెప్పుకుని పొంగిపోతుంటే నోరు రాలేదు."

గంగరాజు ఉత్తరీయం తీసి, మడతపెట్టి, కుర్చీ మీద పెట్టారు. "ఒరే వీర్రాజూ, సంఘం వాళ్ళకి ఫోన్ చెయ్యి. నాకు ఒంట్లో బాగాలేదు, సన్మానం వద్దన్నానని చెప్పు," అని వరండాలోకి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం ఆయన భోజనానికి రాలేదు. వీర్రాజు ఫోను చేతిలో పట్టుకుని, చెయ్యలేక, జేబులో పెట్టుకోలేక తిరుగుతున్నాడు. భార్య దగ్గరికొచ్చి, "చూసేవా నీ అద్భుతం?" అన్నాడు. అతడలా నిజంగా కోపంగా మాట్లాడటం సుభాషిణికి కొత్త. ఆమె వెళ్ళి బల్ల ముందు కూచుంది. టంకం కడ్డీ వేడిచేసింది. నీలం స్ఫటికాన్ని ఊడదీసి, కాలవలో పారెయ్యాలని నిశ్చయించుకుంది.

కడ్డీ బోర్డుకు తగలబోతుండగా మంగాయమ్మ గదిలోకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఉండవే అమ్మాయ్. ఆ పద్యం అయ్యాక కూడా క్యాసెట్టు తిరిగిందా?"

"కొంచెం తిరిగింది అత్తయ్యా. మూడో వన్స్ మోర్ కూడా పాడాక తెర పడిపోయింది. తర్వాత అంతా జనం లేచిపోతున్న గోల. మావయ్య ఎప్పుడూ అక్కడే ఆపేస్తారు."

"ఆపకుండా పెట్టు. రానీ, ఎంత ఉంటే అంత." వరండావైపు తిరిగి గొంతు పెంచింది. "ఏవండీ! లోపలికి రండి. అలకలు తర్వాత."

ఆయన రాలేదు. గుమ్మం దాకా వచ్చి అటు తిరిగి నిలబడ్డారు. మంగాయమ్మకు అది చాలు.

సుభాషిణి తన ఫోను బల్లమీద పెట్టి రికార్డింగు నొక్కింది. పరీక్ష చేసేటప్పుడు గదిలో వినిపించేదంతా పట్టి ఉంచుకోవడం కాలేజీలో అయిన అలవాటు. చెయ్యి తనంతట తానే ఆ పని చేసింది. తర్వాత డాక్ నడిపింది.

మూడో వన్స్ మోర్ పద్యం ముగిసింది. తెర కప్పీ కిర్రుమంది. కుర్చీలు జరుగుతున్నాయి, పిల్లలు ఏడుస్తున్నారు, "బస్సు, బస్సు" అని ఎవరో పరిగెడుతున్నారు. ఆ గోలంతటి కింద ఖాళీ సీసాలు ఒకదానికొకటి తగులుతూ చెక్కపెట్టెలో పడుతున్న చప్పుడు. సోడాబండి మనిషి గొంతు తృప్తిగా పలికింది: "సరుకు మొత్తం చెల్లిపోయింది. ఇంక చాల్లే మంగా, పెట్టె పట్టు."

ఒక్క క్షణం సీసాల చప్పుడు ఆగింది. అప్పుడు అదే గొంతు, ఇంతకుముందు లేనంత గట్టిగా, చివర్లో కొంచెం జీరపోతూ:

"వన్స్ మోర్!"

"నీకేవన్నా పిచ్చా? సోడా ఒక్కటి లేదు, ఎవరికోసమే?" అన్నాడు తండ్రి. దానికి ఆ పిల్ల ఏమందో గానీ టేపు అక్కడ అయిపోయింది.

గంగరాజు గుమ్మంలో ఇటు తిరిగారు.

"సోడాలైపోయాయి గదే," అన్నారు.

"అయిపోయాయి."

"మరెందుకరిచేవు?"

మంగాయమ్మ మొహం ఎర్రబడింది. ఆ వయసులో అత్తగారి మొహం అలా ఎర్రబడగలదని సుభాషిణి ఎన్నడూ అనుకోలేదు.

"ఏమో. అలవాటులో అరిచుంటాను," అని విసురుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గంగరాజు కాసేపు ఆ గుమ్మం వైపే చూశారు. కుర్చీమీది ఉత్తరీయం తీసి భుజాన వేసుకున్నారు. గొంతు సవరించుకున్నారు. దర్జాగా వేదికెక్కుతున్న రాజులా నడుచుకుంటూ భార్య వెనకాలే వంటింట్లోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేశారు.

వీర్రాజు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "కరపత్రంలో మూడనే వేశారే," అన్నాడు. "మార్పించాలా?"

తలుపవతల ఏదో మాట వినిపించింది. దానికి ఏదో జవాబు. గిన్నె ఒకటి కింద పడింది. తర్వాత ఇద్దరూ నవ్వారు. గొంతులు మళ్ళీ తగ్గిపోయాయి. వీర్రాజు చెవి తలుపుకు ఆనించి, ఏమీ అర్థంకాక, భార్యవైపు చూశాడు.

సుభాషిణి చూపు బల్లమీదున్న ఫోను మీద పడింది. ఎర్రచుక్క ఇంకా వెలుగుతోంది. తలుపవతల మాట్లాడుకుంటున్నదంతా ఫోనులోని అంకెల చుక్కల అడుగున వచ్చి చేరుతూనే ఉంది. డాక్ పక్కనే ఉంది. నీలం స్ఫటికం ఇంకా దాని చోటులోనే ఉంది.

ఆమె రికార్డింగు ఆపి, దాన్ని చెరిపేసింది. చల్లారిపోయిన కడ్డీని మళ్ళీ వేడిపెట్టి, స్ఫటికాన్ని నెమ్మదిగా ఊడదీసింది.

"ఏవంటన్నారే లోపల?" అని వీర్రాజు గుసగుసగా అడిగాడు.

"నాకేం వినపడలేదండీ," అంది సుభాషిణి. "పదండి, మనిద్దరం బయట ఎక్కడన్నా తిందాం."